ఒరిజినల్ ఇంజనేనా?

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళతో ఓ అరగంట కూర్చుంటే ఒక మాట కనీసం పదిసార్లు వినపడుతుంది: "నంబర్స్ మ్యాచింగ్". అంటే, కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు అందులో ఏ ఇంజన్ ఉందో ఇవాళ బానెట్ ఎత్తినా అదే ఇంజన్ ఉండాలి అని. ఒకే సంవత్సరం, ఒకే మోడల్, ఒకే రంగు ఉన్న రెండు కార్లలో ఒకటి మ్యాచింగ్, ఒకటి కాదు అంటే ధరలో బోలెడు తేడా. ఆ తేడా అంతా ఇనుము మీద గుద్దిన నాలుగైదు అంకెల మీద ఆధారపడి ఉంటుంది.

నేను రోజంతా డేటాబేసుల మధ్య బతికేవాణ్ణి. ఐడీ, టైమ్‌స్టాంపు, ఆడిట్ లాగు లాంటి మాటలు లేకుండా నాకు పూట గడవదు. అందుకే ఈ నంబర్ల వ్యవహారం మా ఇంట్లోకి వచ్చినప్పుడు కాస్త ఎక్కువే తవ్వాను. తవ్వితే తేలింది ఏమిటంటే, "ఒరిజినలేనా?" అనేది ఒక ప్రశ్న కాదు, మూడు ప్రశ్నలు. మూడింటినీ కలిపేసి అడగటం వల్లే అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ తికమకపడతారు. కొందరికి ఆ తికమకే లాభం.

ముందు మా కారు సంగతి చెప్పాలి. మాది సోంపేట. తాతయ్యది కొబ్బరి వ్యాపారం. 1974లో అంబాసిడర్ మార్క్ టూ కొత్తది కొన్నాడు. ఆ రోజుల్లో కారు కావాలంటే బుక్ చేసుకుని ఎదురు చూడాలి కదా, ఊళ్ళో ఆ కారు వచ్చిన రోజు గురించి ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. పాత మూడక్షరాల నంబరు ప్లేటు. నాన్న 1987 నుంచి 2004 దాకా ఆర్మీలో ఉండటంతో కారు నడిపిందంతా చిన్నాన్నే. ఇప్పుడది షెడ్డులో ఉంది. స్టార్ట్ అవుతుంది, వారానికోసారి నాన్న బారువ బీచి దాకా తీసుకెళ్ళి తెస్తాడు. షెడ్డు కూల్చి అక్కడ రెండు గదులు వేద్దామనుకోవడంతో కారు అమ్మేద్దామన్న మాట వచ్చింది. విశాఖ నుంచి ఒక బ్రోకరు వచ్చాడు, బెంగళూరులో పాత కార్లు పోగు చేసే ఆయన కోసం. బానెట్ ఎత్తాడు, టార్చి వేశాడు, ఇంజన్ నంబరు చదివాడు, ఆర్సీ కార్డు చూశాడు. "గురువుగారూ, మ్యాచింగ్!" అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది.

ఇక్కడే నాకు అనుమానం. కార్డుతో మ్యాచింగ్ అయితే ఫ్యాక్టరీతో మ్యాచింగ్ అయినట్టేనా?

అంబాసిడర్ గురించి తెలియని తెలుగువాడు ఉండడు గానీ, ఇంజన్ సంగతి చాలామందికి తెలియదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ కారుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ పేరుతో తయారు చేశారు. మొదట్లో పాతరకం సైడ్ వాల్వ్ ఇంజన్, తర్వాత 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ పెట్రోల్ ఇంజన్. ఇది బీఎంసీ బి-సిరీస్ కుటుంబానిది. ఇదే కుటుంబపు 1489 సీసీ ఇంజన్ 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో ఉండేది. అంటే మనం పెళ్ళికి ఎనిమిదిమందిని కుక్కుకుని వెళ్ళిన కారూ, ఇంగ్లీషు దొరలు టాపు తీసేసి షికారు చేసిన కారూ ఇంజన్ వరసన దాయాదులన్నమాట :) 1992లో ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ వచ్చేదాకా పెట్రోల్ అంబాసిడర్‌కి ఇదే గుండెకాయ. ఉత్తర్‌పారాలో కార్ల తయారీ 2014 మేలో ఆగిపోయింది.

ఇన్నేళ్ళపాటు ఒకే ఇంజన్ వాడటం వల్ల ఒక సుఖం, ఒక చిక్కు. సుఖమేమిటంటే ఏ అంబాసిడర్ ఇంజన్ అయినా ఇంకో అంబాసిడర్‌లో ఇట్టే కూర్చుంటుంది. చిక్కూ అదే. చూడ్డానికి ఏ తేడా ఉండదు కాబట్టి మార్చారా లేదా అన్నది నంబరు తప్ప ఇంకేదీ చెప్పదు. అదే డీజిల్ వేసిన బండి అయితే చెవిటివాడికి కూడా తెలిసిపోతుంది. డీజిల్ చవకని ఎనభైల్లో, తొంభైల్లో ఎన్ని పెట్రోల్ అంబాసిడర్లకి, ఎన్ని జీపులకి గుండె మార్పిడి జరిగిందో మెకానిక్ షెడ్డుల్లో అడగండి.

ఇక నంబర్ల దగ్గరికొద్దాం. ఇంజన్ మీద రెండు జాతుల నంబర్లుంటాయి. ఒకటి పోతలో వచ్చేది. ఇనుము కరిగించి అచ్చులో పోసినప్పుడే అచ్చులోని అక్షరాలు ఉబ్బెత్తుగా దిగుతాయి. ఇది ఆ రకం బ్లాకులన్నిటికీ ఒకటే. రెండోది గుద్దినది. బ్లాకు తయారయ్యాక, చదును చేసిన చోట పంచ్‌తో లోపలికి దిగేట్టు కొడతారు. ఇది ఒక్కో ఇంజనుకి ఒక్కోటి. మన భాషలో చెప్పాలంటే మొదటిది క్లాస్, రెండోది ఇన్‌స్టెన్స్ ఐడీ. "బ్లాకు నంబరు కరెక్టే సార్" అని ఎవరైనా పోత నంబరు చూపిస్తే, అది సరైన రకం ఇంజన్ అని మాత్రమే అర్థం. ఇదే ఇంజన్ అని కాదు.

కొన్ని కంపెనీలు నంబరుని బ్లాకు మీద గుద్దకుండా చిన్న రేకు మీద గుద్ది రివెట్లతో బిగించేవి. పైన చెప్పిన ఎంజీఏ అలాంటిదే. దాని నంబరు ముందు 15జీబీ/యూ/హెచ్ అని వస్తుంది. 15 అంటే ఒకటిన్నర లీటరు, జీ అంటే ఎంజీ, యూ అంటే గేరు కర్ర నేల మీద మధ్యలో ఉండేది, హెచ్ అంటే హై కంప్రెషన్. చదవడం వస్తే నంబరే బండి కథ చెప్పేస్తుంది. కానీ రేకు ఊడదీసి ఇంకో బ్లాకుకి బిగించడానికి ఎంతసేపు? అందుకే రేకున్న బండిలో అంకెల కంటే ముందు రివెట్లు చూడాలి. మిగతా ఇంజనంతా యాభై ఏళ్ళ మసి పట్టి ఉండి రివెట్లు మాత్రం తళతళలాడుతుంటే ఆలోచించుకోవాల్సిందే.

అమెరికావాళ్ళు ఈ విద్యని శాస్త్రం చేశారు. అరవైల నాటి షెవర్లే కార్వెట్, కమారో లాంటి వాటిలో, కుడిచేతివైపు సిలిండర్ హెడ్ ముందు బ్లాకు మీద చిన్న చదును జాగా ఉంటుంది. అక్కడ ఇంజన్ ఏ ప్లాంటులో, ఏ నెల ఏ తేదీన బిగించారో, ఏ రకమో గుద్ది ఉంటుంది. చాలావాటిలో కారు సీరియల్ నంబరు చివరి అంకెలు కూడా ఉంటాయి. ఇవి కాక పోత మీద పోసిన తేదీ ఉంటుంది. జనవరికి ఏ, ఫిబ్రవరికి బి, అలా నెలకో అక్షరం, తర్వాత తేదీ, తర్వాత సంవత్సరం చివరి అంకె. సీ 14 7 అంటే ఏడుతో ముగిసే సంవత్సరంలో మార్చి 14.

ఇక లెక్క సులువు. బ్లాకు పోసిన తేదీ, తర్వాత ఇంజన్ బిగించిన తేదీ, ఆ తర్వాత కారు తయారైన తేదీ. ఈ వరస ఎక్కడ తిరగబడినా కథ అబద్ధం. మార్చిలో పోసిన బ్లాకు ఫిబ్రవరిలో తయారైన కారులో పుట్టుకతో ఉండటం కుదరదు కదా. కమిట్ కంటే ముందు డిప్లాయ్ అయిన కోడ్ లాంటిదన్నమాట. (అలాంటివి కూడా చూశామంటారా? అది వేరే టపా.)

అంకెలు మళ్ళీ గుద్దే ఘనులు అక్కడా ఉన్నారు. వాళ్ళని పట్టుకోవడానికి నిపుణులు అంకెలని కాదు, అంకెల చుట్టూ ఉన్న ఇనుముని చూస్తారు. ఫ్యాక్టరీలో ఆ చదును చేసే యంత్రం ఒకే దిక్కుగా సన్నటి గీతలు వదిలి వెళ్తుంది. ఎవరైనా పాత నంబరు అరగదీస్తే ఆ గీతలు పోతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంజన్ రిపేరులో హెడ్ కూర్చునే తలాన్ని యంత్రం మీద చదును చేయించడం మామూలే. నంబరు జాగా కూడా ఆ తలంలోనే ఉండటం వల్ల నిజాయితీగా రిపేరు చేయించిన ఒరిజినల్ ఇంజన్ కూడా నంబరు పోగొట్టుకుంటుంది. అంటే నంబరు లేనంత మాత్రాన దొంగ కాదు, ఉన్నంత మాత్రాన దొర కాదు.

పోలీసు ల్యాబుల వాళ్ళ దగ్గర ఇంకో విద్య ఉంది. పంచ్‌తో కొట్టినప్పుడు అంకె కనపడే లోతు కంటే కింద కూడా లోహం నొక్కుకుపోయి ఉంటుంది. పైన అరగదీసినా ఆ నొక్కుడు లోపల మిగిలే ఉంటుంది. ఆ చోట నునుపు చేసి ఆమ్లం కలిపిన ద్రావణం రాస్తే, నొక్కుకున్న లోహం మీద అది ఒక రకంగా, మిగతాచోట ఒక రకంగా పనిచేస్తుంది. చెరిపేసిన అంకె నీడలా తేలుతుంది. డిలీట్ చేసిన ఫైలు డిస్కులో ఇంకా ఉన్నట్టే.

కొత్త కార్లకి ఇంత అవస్థ లేదు. పదిహేడు అక్షరాల విన్ నంబరు ఉంటుంది. ఒకటీ సున్నాలతో కలిసిపోతాయని అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అమెరికాలో 1981 నుంచి అందులో తొమ్మిదో అక్షరం చెక్ డిజిట్. మిగతావాటికి విలువలిచ్చి, గుణించి, కూడి, పదకొండుతో భాగిస్తే వచ్చే శేషం. పది వస్తే ఎక్స్ వేస్తారు. ఎవరైనా ఒక అంకె మారిస్తే లెక్క తప్పుతుంది. మా 1974 అంబాసిడర్‌కి అలాంటి భోగాలేం లేవు.

సరే, మళ్ళీ సోంపేటకి. బ్రోకరు వెళ్ళాక నేనే స్వయంగా చూశాను. బ్లాకు పక్క మసిని కిరోసిన్ గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి, పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దాను. మన దేశంలో బండి రిజిస్ట్రేషన్‌కి పెట్టే ఫారం 20లో ఛాసిస్ నంబరుకి పెన్సిల్ ప్రింట్ తీయడానికి జాగా ఉంటుంది. అదే పద్ధతి. కంటికి కనపడనివి కాగితం మీద పడతాయి. అంకెలు కాస్త వంకరగా ఉన్నాయి. అంతమాత్రాన అనుమానించకూడదు. పాతకాలంలో ఫ్యాక్టరీల్లో కూడా మనిషి చేత్తో సుత్తి పెట్టి కొట్టినవి బోలెడు. చూడాల్సినవి ఇవి: చుట్టూ గ్రైండర్ గీతలున్నాయా, అన్ని అంకెల లోతూ దాదాపు ఒకటేనా, రెండుసార్లు వచ్చిన అంకె రెండుచోట్లా ఒకేలా ఉందా, కింద ఇంకో అంకె నీడ ఉందా. మా దాంట్లో అవేవీ లేవు. నంబరు శుభ్రంగా ఉంది. అంటే ఈ బ్లాకు మీద పుట్టినప్పుడు కొట్టిన నంబరే ఇది. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

అది ఆ మూడు ప్రశ్నల్లో మొదటిది: ఈ నంబరు ఈ బ్లాకుదేనా? అవును. రెండోది: ఈ నంబరు ప్రభుత్వ రికార్డుతో కలుస్తోందా? కార్డు ప్రకారం అవును. మూడోది: ఈ బ్లాకు ఈ కారుతో పుట్టిందేనా? దీనికి ఇనుమూ జవాబు చెప్పదు, కార్డూ చెప్పదు. పుట్టినప్పటి కాగితం కావాలి.

ఇంగ్లండులో పాత ఎంజీ, ఆస్టిన్, మోరిస్ కార్లకి ఈ సదుపాయం ఉంది. గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ దగ్గర ఫ్యాక్టరీ రికార్డులున్నాయి. డబ్బు కడితే పలానా ఛాసిస్ పలానా ఇంజన్‌తో పలానా రోజు బయటికెళ్ళిందని సర్టిఫికెట్ ఇస్తారు. మాకు ఆ ట్రస్టు బదులు నానమ్మ ట్రంకు పెట్టె ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇంటి రేకులు ఎగిరిపోయాయి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి కూడా ఆ పెట్టె మూత ఊడలేదు. అందులో 1974 నాటి కారు బిల్లు, దానికింద అట్ట ఊడిన పాత ఆర్సీ పుస్తకం దొరికాయి.

బిల్లులో ఇంజన్ నంబరు వేరు! పుస్తకంలో మొదటి పేజీలో బిల్లు నంబరే ఉంది. కానీ దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఇప్పుడున్న నంబరు రాసి, 1990లో తేదీ వేసి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర కొట్టి ఉంది.

నానమ్మని అడిగితే తాపీగా చెప్పింది. "ఆ ఇంజనా? అది పగిలిపోనాది కదరా బావూ. మీ తాత బరంపురం ఎల్లి ఇంకోటి తెచ్చీసినాడు. ఏదో యాక్సిడెంటు కారుదంట."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం నానమ్మా?"

"నన్నెవులడిగినారు?"

నిజమే. తాతయ్య లేడు. చిన్నాన్న లేడు. నాన్న అప్పుడు సరిహద్దులో ఉన్నాడు. అడగాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు.

తాతయ్య చేసింది పూర్తిగా చట్ట ప్రకారమే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మారిస్తే పద్నాలుగు రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి చెప్పి, ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఆయన చెప్పాడు, ఆయన పుస్తకంలో ఎక్కించారు. కానీ తర్వాత పుస్తకాలు పోయి కంప్యూటర్లు, కార్డులు వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. మా కార్డులో ఒకే ఒక్క ఇంజన్ నంబరుంది, కొత్తది. ఎర్ర సిరా గీత లేదు, 1990 తేదీ లేదు. చరిత్ర ఉన్న పట్టికని ఎవరో అప్‌డేట్ కొట్టి చివరి విలువ మాత్రం మిగిల్చినట్టు. ఎర్ర సిరాతో కొట్టేసిన ఆ గుమాస్తా ఎవరో గానీ మనకంటే మంచి డేటాబేస్ డిజైనర్. పాత విలువ చెరపలేదు, కొట్టేశాడు. పక్కన కొత్తది, తేదీ, బాధ్యత తీసుకున్న సంతకం. ఆడిట్ లాగుకి ఇంతకంటే ఏం కావాలి?

బ్రోకరుకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. "తమ్ముడూ, కార్డు ఉంది, ఇంజన్ ఉంది, రెండూ కలిశాయి. అబద్ధం చెప్పమనట్లేదు. ఆ పుస్తకం చూపించకుండా ఉంటే చాలు. లక్షన్నర తేడా."

లక్షన్నర అంటే మాకు చిన్న మొత్తం కాదు, ఒక గది శ్లాబు. పైగా ఆయనన్నదాంట్లో తర్కం ఉంది. కొనేవాడు అడిగితే కదా చెప్పాలి? కార్డు ప్రభుత్వం ఇచ్చిందే కదా? కానీ ఆ ఎక్కువ డబ్బు ఇచ్చేది కార్డుతో కలిసినందుకు కాదు, ఫ్యాక్టరీతో కలిసినందుకు. కొనేవాడు మూడో ప్రశ్నకి డబ్బు ఇస్తుంటే రెండో ప్రశ్నకి జవాబు చూపించి తీసుకోవడం దొంగతనమే, నోరు తెరవకపోయినా సరే.

దీనికి ఇంకో కోణం ఉంది. 2021లో కేంద్రం పాత బండ్ల కోసం మోటారు వాహనాల నిబంధనల్లో కొత్త భాగం చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటిన టూవీలర్లు, కార్లని "వింటేజ్"గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు, తిరిగి నమోదుకి 5,000, చెల్లుబాటు పదేళ్ళు. రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించడం, రిపేరు లాంటి వాటికే. రాష్ట్రం వేసిన కమిటీ బండిని చూసి తేలుస్తుంది. షరతేమిటంటే బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో భారీ మార్పులు జరిగి ఉండకూడదు.

మా కారు ఈ గీతకి ఇటా, అటా? అదే కంపెనీ, అదే రకం, అదే 1489 సీసీ. పగిలినదాని స్థానంలో పెట్టినది. నా అభిప్రాయం అడిగితే, డీజిల్ వేయడం మార్పు, అదే రకం ఇంజన్ వేయడం రిపేరు. విడిభాగం దొరకక, కొత్త కారు కొనలేక, ఉన్నదాన్నే నడుపుకున్న దేశం మనది. యాభై ఏళ్ళు తిరిగిన బండిలో పుట్టుకతో వచ్చిన ఇంజనే ఉండాలంటే, ఆ బండి తిరగకుండా గ్యారేజీలో కూర్చుని ఉండాలి. అలాంటి బండ్లు సోంపేటలో ఉండవు, కోటల్లో ఉంటాయి.

ఇదేదో మా కారు కోసం చెప్తున్న మాట కాదు. 1990లో ఇంగ్లండు హైకోర్టులో ఇలాంటి పంచాయితీయే జరిగింది. బెంట్లీ కంపెనీ రేసు కారు "ఓల్డ్ నంబర్ వన్" 1929లో, 1930లో లె మాన్ రేసు గెలిచింది. తర్వాత దాని ఇంజన్ మారింది, ఛాసిస్ మారింది. 1932లో బ్రూక్‌లాండ్స్‌లో ప్రమాదం జరిగి, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. మళ్ళీ కొత్త బాడీ కట్టారు. దాన్ని కోటి పౌండ్లకి బేరం చేసుకున్న కంపెనీ తర్వాత "ఇందులో లె మాన్ గెలిచిన కారు ఏముంది?" అని డబ్బు కట్టనంది. 1929 నాటి భాగాలు దాదాపు ఏమీ మిగల్లేదని న్యాయమూర్తి ఆటన్ కూడా ఒప్పుకున్నారు. అయినా కారు చరిత్ర ఎక్కడా తెగకుండా వచ్చింది, ఆ పేరు చెప్పుకోగల కారు ఇంకోటి లేదు, కాబట్టి ఓల్డ్ నంబర్ వన్ ఇదే అని తీర్పు ఇచ్చారు. మా బారువ తీరంలో తెప్పల వాళ్ళకి ఈ తీర్పు చదివి వినిపిస్తే ఇందులో వింతేముందంటారు. పాడైన దుంగ తీసి కొత్త దుంగ కడతారు, తెప్ప మాత్రం ఎవరి తెప్ప వారిదే.

గమనించారా, ఆ తీర్పు నిలబడింది భాగాల మీద కాదు. ఏ భాగం ఎప్పుడు మారిందో చెప్పగలగడం మీద. మారడం తప్పు కాదు, మార్చినది దాచడం తప్పు.

ఇదంతా నాన్నతో చెప్పేటప్పుడు నాకు భయంగానే ఉంది. ఎందుకంటే నాన్నకి ఈ కారు మీద ఉన్న ప్రేమంతా చిన్నాన్న మీద ప్రేమే. మా ఉద్దానం గురించి మీరు పేపర్లలో చదివే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. క్రియాటినిన్ అనే మాట చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు. చిన్నాన్నకి నలభై నిండకుండానే వచ్చింది. సోంపేటలో, పలాసలో డయాలసిస్ 2017 ప్రాంతంలో గానీ మొదలవలేదు. పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో తెరిచారు. చిన్నాన్న రోజుల్లో విశాఖే దిక్కు. పోను రెండొందల కిలోమీటర్ల పైమాట. మొదట్లో తానే నడుపుకుంటూ వెళ్ళేవాడు, వెనక సీట్లో అదే జబ్బున్న ఇంకో ఇద్దరు. తర్వాత నడపలేక వెనక సీట్లోకి మారాడు, నాన్న స్టీరింగ్ పట్టుకున్నాడు. నాకప్పుడు పదీ పదకొండేళ్ళు, సెలవుల్లో నేనూ వెళ్ళేవాణ్ణి. టెక్కలి దాటాక చిన్నాన్న ఇంజన్ శబ్దం విని "టాపెట్లు కొడుతున్నాయన్నయ్యా, సెట్ చేయించు" అనేవాడు. 2009లో పోయాడు. ఒక్కసారి కూడా ఆ కారు దారిలో ఆగలేదు.

పాత పుస్తకం నాన్న చేతిలో పెట్టాను. ఎర్ర సిరా గీత చాలాసేపు చూశాడు. తర్వాత అడిగింది ఒకటే. "అయితే తమ్ముణ్ణి వైజాగు తిప్పింది ఏ ఇంజన్‌రా?"

"ఇప్పుడున్నదే నాన్నా. 1990 నుంచీ ఇదే."

"మరింకేటి," అన్నాడు.

అంతే. ఫ్యాక్టరీ లెక్కలో అది రెండో ఇంజన్. బెంగళూరు ఆయన లెక్కలో లక్షన్నర తక్కువ ఇంజన్. నాన్న లెక్కలో అసలైనది అదే. ముగ్గురి లెక్కా తప్పు కాదు, ముగ్గురూ అడుగుతున్న ప్రశ్నలు వేరు. బిల్లు, పుస్తకంలోని ఆ పేజీ ఫోటోలు తీసి బెంగళూరు ఆయనకే నేరుగా పంపించాం. ఆయన మర్యాదగానే, ఫ్యాక్టరీ ఇంజన్ ఉన్నదే కావాలని చెప్పి తప్పుకున్నాడు. అడిగినదానికి సూటిగా జవాబు దొరికినందుకు థాంక్స్ కూడా చెప్పాడు. కారు ఇంకా మా దగ్గరే ఉంది. ఎవరైనా వస్తే ముందు పుస్తకం చూపించి, తర్వాతే బానెట్ ఎత్తాలని నాన్న రూలు పెట్టాడు.

మీ ఊళ్ళో, మీ తాతగారి షెడ్డులో పాత బండి ఏదైనా ఉంటే ఈ సెలవులకి ఓ పని చేయండి. ఇంజన్ నంబరూ, ఛాసిస్ నంబరూ పెన్సిల్‌తో రుద్ది కాగితం మీదికి దించండి, తేదీ వేయండి. పాత ఆర్సీ పుస్తకం, బిల్లు, పాత ఇన్సూరెన్సు కాగితాలు ఉంటే స్కాన్ చేయండి. కార్డు వచ్చింది కదా అని పుస్తకం పారేయకండి. కార్డు ఇవాళ ఏముందో చెప్తుంది, పుస్తకం ఎలా వచ్చిందో చెప్తుంది. ఇంజన్ మారిందని తేలితే ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు మార్చారో కూడా రాసిపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళకి తెలుసు. మనం అడగలేదంతే.